ఏ గేటు ముందు మూయించాలి? – అమెరికా ఆటో కార్మికుల సమ్మెపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 2023లో అమెరికాలో ఫోర్డ్, జనరల్ మోటార్స్ (జీఎం), స్టెల్లాంటిస్ మూడు కంపెనీల మీదా ఒకేసారి సమ్మె జరిగింది. అయితే దాదాపు లక్షన్నర మంది సభ్యుల్లో మొదటిరోజు బయటికొచ్చింది పదమూడు వేలమందేనట. అందరూ ఒక్కసారిగా దిగితే బలం ఎక్కువ కదా? – ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు డబ్బు లెక్క చూద్దాం. యునైటెడ్ ఆటో వర్కర్స్ సంఘం సమ్మె నిధిలో అప్పుడు ఉన్నది సుమారు 82.5 కోట్ల డాలర్లు. సమ్మెలో ఉన్న ఒక్కొక్కరికి వారానికి 500 డాలర్ల భృతి ఇవ్వాలి. మూడు కంపెనీల్లో కలిపి 1,46,000 మంది దిగితే వారానికి 7.3 కోట్ల డాలర్లు పోతాయి. అంటే పదకొండు వారాలకు పెట్టె ఖాళీ. ఆరోగ్య బీమా ఖర్చు కూడా సంఘమే మోస్తే ఇంకా ముందే అయిపోతుంది. కంపెనీల వాళ్లకూ ఈ లెక్క తెలుసు. డీలర్ల దగ్గరున్న బండ్లు అమ్ముకుంటూ మూడు నెలలు ఓపిక పడితే చాలని కూర్చోగలరు. పదమూడు వేలమందితో మొదలుపెడితే వారానికి అయ్యేది 65 లక్షల డాలర్లు. ఆ చొప్పున రెండేళ్లు దాటినా నిధికి ఢోకా లేదు.

రెండోది, ఎక్కడ పడుతుందో తెలియని దెబ్బ. సెప్టెంబరు 14 అర్ధరాత్రి పాత ఒప్పందం ముగిసింది. కంపెనీకొక ప్లాంటు చొప్పున మూడు ఆగాయి: మిషిగన్‌లోని వేన్‌లో ఫోర్డ్, మిస్సోరిలోని వెంట్జ్‌విల్‌లో జీఎం, ఒహాయోలోని టొలీడోలో స్టెల్లాంటిస్ జీపుల ప్లాంటు. వేన్‌లో అందరినీ పిలవలేదు, పెయింట్ షాపు, ఫైనల్ అసెంబ్లీ వాళ్లనే పిలిచారు. తర్వాత ఏది ఆగుతుందో చివరి గంట దాకా ఎవరికీ చెప్పలేదు. దాంతో ఇంజిన్లు, గేర్‌బాక్సులు ఎక్కడ నిల్వ పెట్టుకోవాలో యాజమాన్యాలకు తోచలేదు. సంఘం దీనికి పెట్టిన పేరు ‘స్టాండప్ సమ్మె’.

మూడోది బేరంలో పట్టువిడుపులు. సెప్టెంబరు 22న జీఎం, స్టెల్లాంటిస్‌లకు చెందిన 38 విడిభాగాల గిడ్డంగులు ఆపారు. ఫోర్డ్ చర్చల్లో కొంత ముందుకొచ్చిందని దాన్ని వదిలేశారు. వారం తర్వాత ఫోర్డ్ షికాగో ప్లాంటు, జీఎం లాన్సింగ్ డెల్టా ప్లాంటు ఆగాయి. అప్పుడు ఆఖరి నిమిషంలో దిగొచ్చిన స్టెల్లాంటిస్‌ను వదిలారు. అక్టోబరు 6న బ్యాటరీ ప్లాంట్లను కూడా ప్రధాన ఒప్పందంలోకి తేవడానికి జీఎం ఒప్పుకుంది, ఆ వారం ఒక్క ప్లాంటూ ఆపలేదు. అక్టోబరు 11న మాత్రం లూయీవిల్‌లోని ఫోర్డ్ కెంటకీ ట్రక్ ప్లాంటును ముందస్తు గడువేమీ పెట్టకుండా ఆపేశారు. 8,700 మంది సాయంత్రం షిఫ్టు మధ్యలో బయటికొచ్చారు. ఏడాదికి 2,500 కోట్ల డాలర్ల రాబడినిచ్చే ప్లాంటు అది. రెండు వారాలకు, అక్టోబరు 25న, ఫోర్డ్ ఒప్పందానికి వచ్చింది. మధ్యలో స్టెల్లాంటిస్ స్టెర్లింగ్ హైట్స్, జీఎం ఆర్లింగ్టన్ ప్లాంట్లు కూడా ఆగాయి. 28న స్టెల్లాంటిస్, 30న జీఎం ఒప్పందానికి వచ్చాయి.

ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. వేన్‌లో పెయింట్ షాపు ఆగడంతో, సమ్మెలో లేని బాడీ షాపు, స్టాంపింగ్ (రేకులను ప్రెస్ చేసే విభాగం) కార్మికులు సుమారు 600 మందిని ఫోర్డ్ లేఆఫ్ చేసింది. ప్రెస్ చేసిన రేకులకు తుప్పు పట్టకుండా ఈ-కోటింగ్ వేయాలి, అది వేసేది పెయింట్ షాపులోనే. వెంట్జ్‌విల్ నుంచి ప్రెస్ భాగాలు రాక కాన్సస్‌లోని ఫెయిర్‌ఫాక్స్ ప్లాంటులో సుమారు రెండు వేలమందికి పని పోయింది. ఇలా పని పోయిన వాళ్లకూ నిధి నుంచే భృతి ఇస్తామని సంఘం చెప్పాల్సి వచ్చింది. మొదటి రోజే ఇంజిన్ ప్లాంట్ల జోలికి పోకపోవడానికి కారణం ఇక్కడే కనిపిస్తుంది. ఒక ఇంజిన్ ప్లాంటు ఆగితే అసెంబ్లీ ప్లాంట్లన్నీ వరుసగా ఆగుతాయి, ఆ వేలమంది భారం సంఘం నెత్తిన పడుతుంది, చేతిలో దాచుకున్న బాణాలన్నీ ఒకేసారి ఖర్చవుతాయి.

సమ్మెలో లేని ప్లాంట్ల వాళ్లు పాత ఒప్పందం గడువు తీరాక కూడా పనిచేశారు. అలాంటప్పుడు జీతం, పని షరతులను యాజమాన్యం తనంతట తాను మార్చడానికి అక్కడి చట్టం ఒప్పదు. స్వచ్ఛంద ఓవర్‌టైమ్ చేయొద్దని సంఘం వాళ్లను కోరింది. లోపల ఉండి చేయగలిగిన పని అది.

ప్రశ్న: జీతాలు 25 శాతం పెరిగాయన్నారు. అసలు చేతికి అందేది ఎంత? – డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: 25 అనేది ముక్కలుగా వచ్చే పెంపులను కూడితే వచ్చే అంకె. ఒప్పందం ఆమోదం పొందగానే 11 శాతం, తర్వాత మూడేళ్లు 3 శాతం చొప్పున, చివర్లో 5 శాతం. ప్రతి పెంపూ అంతకుముందు పెరిగిన జీతం మీద లెక్కకట్టేది కాబట్టి గుణించాలి. 1.11ని 1.03తో మూడుసార్లు, తర్వాత 1.05తో గుణిస్తే దాదాపు 1.274 వస్తుంది. అసలు పెంపు 27.4 శాతమన్నమాట. గంటకు 32 డాలర్లున్న ఫోర్డ్ గరిష్ఠ వేతనం ఒప్పందం ముగిసేనాటికి 40 డాలర్లు దాటుతుంది.

నా దృష్టిలో అంతకన్నా పెద్ద విజయం కరువు భత్యం తిరిగి రావడం. ధరల సూచీతోపాటు జీతం పెరిగే ఏర్పాటును 2009లో, జీఎం, క్రైస్లర్ (ఇప్పుడు స్టెల్లాంటిస్‌లో భాగం) దివాలా తీసిన రోజుల్లో, కార్మికులు వదులుకున్నారు. కంపెనీలు కోలుకున్నాయి, లాభాలు చూశాయి, భత్యం మాత్రం పద్నాలుగేళ్లు రాలేదు. ధరలు మండిపోయిన 2021, 2022 సంవత్సరాల్లో ఆ లోటు ప్రతి ఇంటికీ తగిలింది. శాతాల పెంపు ఎంతైనా, భత్యం లేకపోతే ద్రవ్యోల్బణం మింగేస్తుంది.

మూడోది అంతస్తులు. 2007 ఒప్పందం కొత్తగా చేరేవాళ్లకు తక్కువ జీతం, పింఛను లేని ఉద్యోగం తెచ్చింది. ఒకే లైన్ మీద పక్కపక్కన నిలబడి ఒకే బోల్టు బిగించే ఇద్దరికి రెండు జీతాలు! గరిష్ఠ వేతనం అందుకోవడానికి కొత్తవాళ్లకు ఎనిమిదేళ్లు పట్టేది, ఇప్పుడు మూడేళ్లు చాలు. ఏళ్ల తరబడి టెంపరరీలుగా ఉన్నవాళ్లు పర్మినెంట్ అయ్యారు. అందుకే శాతాల్లో చూస్తే ఎక్కువ లాభపడింది కిందిమెట్టు వాళ్లే.

రానివీ ఉన్నాయి. 2007 తర్వాత చేరినవాళ్లకు పాత తరహా పింఛను రాలేదు, కంపెనీ వాళ్ల పదవీ విరమణ ఖాతాలో జీతంలో 10 శాతం వేస్తుంది. వారానికి 32 గంటల పని డిమాండు పక్కకు పోయింది. జీఎంలో ఒప్పందానికి వచ్చిన మద్దతు సుమారు 55 శాతమే. ఫ్లింట్, స్ప్రింగ్ హిల్ వంటి ప్లాంట్లలో ఎక్కువమంది వద్దనే ఓటేశారు. పాత సీనియర్ కార్మికులకు శాతాల్లో దక్కింది తక్కువ, ఆ అసంతృప్తి ఓట్లలో కనిపించింది.

ప్రశ్న: మా అబ్బాయి డెట్రాయిట్ దగ్గర హెచ్-1బీ మీద కార్ల డిజైన్ ఇంజినీరు. ఇలాంటి సమ్మె మళ్లీ వస్తే వాడి వీసాకు ముప్పుందా? – ఓ తల్లి, గుంటూరు

జవాబు: భయపడకండమ్మా. ట్రాయ్, నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, ఈ ప్రశ్న వాళ్లలో చాలామందిది.

హెచ్-1బీకి ముందు కంపెనీ లేబర్ కండిషన్ అప్లికేషన్ దాఖలు చేస్తుంది. అందులో ఒక హామీ ఉంటుంది: ఈ పనిస్థలంలో, ఈ వృత్తిలో, ప్రస్తుతం సమ్మె గానీ లాకౌట్ గానీ లేదని. ఇక్కడ ‘ఈ వృత్తిలో’ అన్న మాట ముఖ్యం. లైన్ మీద బండ్లు బిగించేవాళ్ల సమ్మె డిజైన్ ఇంజినీరు వృత్తి సమ్మె అవదు. ఒకవేళ ఆ వృత్తిలోనే సమ్మె మొదలైతే, కంపెనీ మూడు రోజుల్లో కార్మిక శాఖకు తెలపాలి. ఆ వివాదం తీరేదాకా ఆ దరఖాస్తు మీద కొత్త హెచ్-1బీ ఉద్యోగిని అక్కడ పెట్టకూడదు. సమ్మెను విరగ్గొట్టడానికి విదేశీయులను దించకుండా పెట్టిన కట్టుబాటు ఇది.

ఇప్పటికే పనిచేస్తున్న హెచ్-1బీ ఉద్యోగి స్వయంగా సమ్మెలో పాల్గొన్నా, కేవలం ఆ కారణంతో హోదా పోయినట్టు కాదని వలస నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. అయితే సమ్మె రోజులకు బదులుగా వీసా గడువు పొడిగించరు.

మూడు కంపెనీల్లో జీతగాళ్లయిన ఇంజినీర్లు ఎక్కువమంది సంఘంలో లేరు. వాళ్లకు ఎదురయ్యే అసలు చిక్కు వేరు. 2023లో విడిభాగాల గిడ్డంగుల్లో సమ్మె చేసినవాళ్ల స్థానంలో ఆఫీసు సిబ్బందిని పంపి పెట్టెలు సర్దించారు. మీ అబ్బాయికి అలాంటి పని అప్పగిస్తే అది తన ఉద్యోగ వివరణలో ఉందో లేదో మేనేజరును రాతపూర్వకంగా అడగమనండి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు పిటిషన్‌లో రాసిన పని కాకుండా వేరే పనిలో కొనసాగితే చిక్కే, ముందుగా కంపెనీ ఇమిగ్రేషన్ వకీలును సంప్రదించాలి. బయటి సరఫరా కంపెనీలో ఉంటే ముప్పు వీసాకంటే ఉద్యోగానికి ఎక్కువ. లైన్ ఆగితే సీట్లు, వైర్ల జడలు చేసేవాళ్లకు ఆర్డర్లు వారంలోనే తగ్గుతాయి. ఉద్యోగం పోతే ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు, దానికి తగ్గట్టు చేతిలో నాలుగు డబ్బులు ఉంచుకోవాలి.

ప్రశ్న: ఆ సంఘం నాయకులే లంచాలు తిని జైలుకెళ్లారు కదా. అలాంటి సంఘం ఇంత పెద్ద సమ్మె ఎలా చేసింది? – రిటైర్డ్ లైన్‌మన్, ఖమ్మం

జవాబు: నిజమే. గ్యారీ జోన్స్, డెన్నిస్ విలియమ్స్ అనే ఇద్దరు మాజీ అధ్యక్షులు సభ్యుల డబ్బు విలాసాలకు వాడిన కేసులో శిక్ష అనుభవించారు. క్రైస్లర్ యాజమాన్యం ఉమ్మడి శిక్షణ కేంద్రం డబ్బును సంఘం నేతలకు మళ్లించిన వ్యవహారం కూడా బయటపడింది. కార్మికులు తమ జీతాల నుంచి చందా కట్టి పోషించిన సంఘంలో జరిగిన ద్రోహం ఇది.

సమ్మె వేళ్లు ఈ మురికిని కడిగిన పనిలోనే ఉన్నాయి. 2020 చివర్లో న్యాయశాఖతో కుదిరిన రాజీ ప్రకారం కోర్టు నియమించిన పర్యవేక్షకుడు వచ్చాడు. అంతకుముందు అధ్యక్షుణ్ని మహాసభ ప్రతినిధులు ఎన్నుకునేవారు, దశాబ్దాలపాటు ఒకే వర్గం కుర్చీ వదల్లేదు. ‘ఒక సభ్యుడు, ఒక ఓటు’ కావాలా అని 2021లో సభ్యులను అడిగితే సుమారు 64 శాతం కావాలన్నారు. తొలి ప్రత్యక్ష ఎన్నిక రెండో విడత ఫలితం 2023 మార్చిలో వచ్చింది. కొకోమోలోని క్రైస్లర్ ప్లాంటు ఎలక్ట్రీషియన్ షాన్ ఫెయిన్ 483 ఓట్ల తేడాతో గెలిచాడు. సంఘం సభ్యులేమో దాదాపు నాలుగు లక్షలు!

ఆ కొత్త నాయకత్వం మొదట చేసినవి చిన్నవిగా కనిపిస్తాయి. చర్చలు మొదలయ్యేటప్పుడు కంపెనీ అధిపతులతో ఫొటోలకు చేతులు కలిపే ఆచారం మానేశారు. దానికి బదులు ప్లాంటు గేట్ల దగ్గర సభ్యులతో చేతులు కలిపారు. కంపెనీ ఏమిస్తానంది, మనం ఏమడిగాం అన్నది ఎప్పటికప్పుడు ప్రత్యక్ష ప్రసారంలో చెప్పారు. ఇంతకుముందు ఒప్పందం కుదిరాకే సభ్యులకు తెలిసేది. ఆగస్టులో సమ్మెకు అనుమతి అడిగితే 97 శాతం అవునన్నారు. తర్వాత 2024లో పర్యవేక్షకుడు ఫెయిన్ మీద కూడా విచారణ ప్రారంభించాడు. సంఘం ఎంత గెలిచినా నిఘా సడలకూడదన్నదే నా అభిప్రాయం.

ప్రశ్న: 1936లో ఫ్లింట్‌లో కార్మికులు ఫ్యాక్టరీ లోపలే కూర్చున్నారని విన్నాను. ఇప్పుడెందుకు అలా చేయరు? – ఓ పాఠకుడు, నెల్లూరు

జవాబు: లోపల కూర్చోవడంలో ఉన్న బలం యంత్రంలో ఉంది. మిషిగన్‌లోని ఫ్లింట్‌లో, జీఎంకు చెందిన ఫిషర్ బాడీ ఒకటో ప్లాంటులో బాడీలను ప్రెస్ చేసే డైలు, అంటే ఉక్కు అచ్చులు, ఉండేవి. కార్మికులు బయట నిలబడితే యాజమాన్యం డైలను మరో ఊరికి తరలించి పని నడిపేది, వేరేవాళ్లను లోపలికి తెచ్చేది. లోపలే ఉంటే రెండూ కుదరవు. 1936 డిసెంబరు 30న కూర్చున్నారు. జనవరి 11న ఫిషర్ బాడీ రెండో ప్లాంటులో యాజమాన్యం చలికాలంలో వెచ్చదనం ఆపి, అన్నం లోపలికి పోకుండా అడ్డుకుంది. పోలీసులు బాష్పవాయువు వదిలితే కార్మికులు లోపలున్న తలుపు బిజాగిరీలు, నీళ్ల గొట్టాలతో తిప్పికొట్టారు. ఫిబ్రవరి 1న తొమ్మిదో నంబరు షెవ్రొలే ప్లాంటు దగ్గర గొడవ రేపి కాపలావాళ్లను అటు లాగారు, ఈలోపు ఇంజిన్లు తయారయ్యే నాలుగో నంబరు ప్లాంటును పట్టుకున్నారు. గవర్నరు ఫ్రాంక్ మర్ఫీ నేషనల్ గార్డును పంపాడు గానీ కార్మికులను వెళ్లగొట్టడానికి వాడలేదు. జనోరా జాన్సన్ నడిపిన మహిళా దళం బయట కాపు కాసింది. 44వ రోజున, ఫిబ్రవరి 11న, జీఎం సంఘాన్ని గుర్తించింది.

రెండేళ్లకు, 1939లో, ఫ్యాన్‌స్టీల్ కేసులో ఆ దేశ సుప్రీంకోర్టు ఇలాంటి ఆక్రమణకు చట్టరక్షణ లేదని తేల్చింది. అప్పటినుంచి లోపల కూర్చున్నవాళ్లను ఉద్యోగం నుంచి తీసేయొచ్చు. 2023లో ఎంచుకున్న ప్లాంట్లను ఆపే పద్ధతి ఆ పాత బలాన్ని చట్టం గీసిన గీతలోపల తిరిగి తెచ్చుకునే ప్రయత్నమే.

ప్రశ్న: ఒక్క సమ్మెతో కార్మికోద్యమం మళ్లీ లేచిందంటే నమ్మొచ్చా? – ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: అంకెలు చూస్తే జాగ్రత్తగా మాట్లాడాల్సిందే. అమెరికాలో 1983లో ఉద్యోగుల్లో 20.1 శాతం సంఘాల్లో ఉండేవారు, 2023లో 10 శాతం, ప్రైవేటు రంగంలో ఆరు శాతమే. 2024లో మొత్తం మీద ఇంకో పిసరు తగ్గి 9.9 అయింది. ఈ లెక్కలకు ముందు 1981 ఉంది. సమ్మెచేసిన 11 వేలకు పైగా విమాన రద్దీ నియంత్రణ సిబ్బందిని ప్రభుత్వమే తొలగించాక, సమ్మె అంటే జడిసే రోజులు మొదలయ్యాయి.

అయినా కదలిక ఉన్నదే. సమ్మె ముగిసిన వారాల్లోనే సంఘం లేని టొయోటా, హోండా, హ్యుందాయ్ తమ ప్లాంట్లలో జీతాలు పెంచాయి. టెనెసీలోని చట్టనూగాలో ఫోక్స్‌వ్యాగన్ కార్మికులు 2014లో, 2019లో సంఘం వద్దన్నారు. 2024 ఏప్రిల్‌లో 2,628 మంది కావాలని, 985 మంది వద్దని ఓటేశారు. దక్షిణాదిలో విదేశీ కంపెనీ కార్ల ప్లాంటులో ఎన్నిక ద్వారా సంఘం నిలబడటం గొప్ప మలుపు.

నెల తిరగకుండా అలబామాలోని వాన్స్ దగ్గర మెర్సిడెస్ ప్లాంటులో ఓడిపోయారు: వద్దని 2,642, కావాలని 2,045. ఎందుకు? చట్టప్రకారం 30 శాతం మంది కార్డులపై సంతకం చేస్తే ఎన్నిక అడగొచ్చు. కానీ అంతటితో దిగితే ఓడిపోతామని సంఘం తనకు తాను మెట్లు పెట్టుకుంది. 30 శాతం దాటాక బయటికి చెప్పడం, 50 దాటాక బహిరంగ సభ, 70 శాతంతోపాటు ప్రతి షిఫ్టులో, ప్రతి విభాగంలో నిలబడే కమిటీ ఉన్నాకే ఎన్నిక. సంతకం చేసినవాళ్లలో కొంతమంది ఓటింగు నాటికి వెనక్కి తగ్గుతారన్న అనుభవంతో పెట్టిన కొలత అది. ఎన్నిక తేదీ వచ్చేదాకా మెర్సిడెస్ ఊరుకోలేదు. ముందే జీతాలు పెంచింది, రెండంతస్తుల జీతం తీసేసింది, ప్లాంటు అధిపతిని మార్చి ‘కొత్తాయనకు ఒక అవకాశమివ్వండి’ అన్న మాట పుట్టించింది. దక్షిణాది రాష్ట్రాల గవర్నర్లు ఆరుగురు సంఘానికి వ్యతిరేకంగా ఉమ్మడి ప్రకటన ఇచ్చారు. కార్మికుడు అడగాలనుకున్న మూడింట్లో రెండు ఎన్నికకు ముందే చేతికొస్తే, మూడోదాని కోసం పోరాడే పట్టు సడలుతుంది.

గెలిచినచోట కూడా పని సగమే. ఓటు గెలవడం వేరు, మొదటి ఒప్పందం వేరు. చట్టం యాజమాన్యాన్ని చర్చకు కూర్చోమంటుంది గానీ ఒప్పుకోమని బలవంతం చేయదు. చట్టనూగాలో ఏడాది దాటాక, 2025లో కూడా మొదటి ఒప్పందం కోసం చర్చలు సాగుతూనే ఉండేవి. ఈలోపు ఓటేసిన కొందరు ఉద్యోగం మానేస్తారు, కొత్తవాళ్లు చేరతారు, వాళ్లకు మొదటినుంచీ మళ్లీ చెప్పాలి. ఉద్యమం లేచిందా అని నన్నడిగితే, లేవగలనన్న ధైర్యం వచ్చిందంటాను. ఆ ధైర్యం ఇన్నేళ్లూ లేదు.

ప్రశ్న: మాది పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీ. ఇలా దశలవారీ సమ్మె ఇక్కడ చేయొచ్చా? – ఓ కార్మికుడు

జవాబు: నేరుగా ఎత్తుకొస్తే దెబ్బతింటారు, కారణాలు చెబుతాను.

2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది. ఇంతకుముందు ప్రజోపయోగ సేవలకే ఉన్న సమ్మె నోటీసు నిబంధన ఇప్పుడు అన్ని పారిశ్రామిక సంస్థలకూ వర్తిస్తుంది. నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి, ఆ నోటీసు 60 రోజుల్లోపే చెల్లుతుంది. అంటే పదిహేనో రోజు నుంచి అరవయ్యో రోజు దాకా ఉన్న కిటికీ మీది. ఈ మధ్యలో కార్మిక శాఖ కన్సిలియేషన్ అధికారి మొదటి సమావేశం పెట్టారంటే సయోధ్య మొదలైనట్టే. అది నడుస్తున్నంతకాలం, ముగిశాక ఏడు రోజులపాటు సమ్మె చట్టవిరుద్ధం. కాబట్టి ఫోర్డ్ కెంటకీలో చేసినట్టు సాయంత్రం చెప్పి సాయంత్రమే ఆపడం ఇక్కడ కుదరదు.

‘సమ్మె అనం, అందరం క్యాజువల్ లీవు పెడతాం’ అనే ఉపాయం కూడా పనికిరాదు. ఒకేరోజు 50 శాతం, అంతకుమించి కూడబలుక్కుని లీవు పెడితే కోడ్ దాన్ని సమ్మెగానే లెక్కిస్తుంది. చట్టవిరుద్ధ సమ్మెకు కార్మికుడికి వెయ్యి నుంచి పదివేల రూపాయల జరిమానా, లేదా నెలదాకా జైలు, లేదా రెండూ. ప్రేరేపించినవాళ్లకు జరిమానా పదివేల నుంచి యాభైవేలు. పదిమంది, అంతకుమించి కలిసికట్టుగా, ఇవ్వాల్సిన నోటీసు ఇవ్వకుండా గైర్హాజరైతే ఎనిమిది రోజుల జీతం దాకా కోయడానికి వేతనాల కోడ్ వీలిస్తోంది. నెమ్మదిగా పనిచేయడం అనుచిత పద్ధతుల జాబితాలో ఉంది.

మరి ఏం చేయాలి? మొదటిది గుర్తింపు. ఒకటికన్నా ఎక్కువ సంఘాలున్న చోట మస్టర్ రోల్ మీద ఉన్నవాళ్లలో 51 శాతం మద్దతున్న సంఘమే ఏకైక చర్చల సంఘం. ఎవరికీ అంత లేకపోతే, 20 శాతం తగ్గని సంఘాలతో చర్చల మండలి. రిజిస్ట్రేషన్‌కు ఏడుగురి దరఖాస్తు, కార్మికుల్లో పదిశాతం లేదా వందమంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు కావాలి. సభ్యత్వ రసీదుల పుస్తకం, చందా ఖాతా, కార్యవర్గ సమావేశాల మినిట్స్ మొదటిరోజు నుంచే రాయండి. వివాదం వచ్చినచోట అడిగేవి ఇవే.

రెండోది నిధి, దీన్నే అందరూ ఆఖరుకు వదిలేస్తారు. వెయ్యిమంది నెలకు వంద రూపాయల చొప్పున రెండేళ్లు వేస్తే 24 లక్షలు. నెలరోజుల సమ్మెకు మనిషికి 2,400 రూపాయలే. అద్దెకు కూడా చాలదు. అందుకే నిధి చిన్నదైనప్పుడు ఎంతకాలం నిలబడగలమో ముందు లెక్కవేసి, ఆ లెక్కకు తగ్గ డిమాండ్ల పత్రం రాయాలి. పండగ ముందో, పిల్లల ఫీజుల నెలలోనో సమ్మె మొదలుపెడితే రెండోవారానికి సగంమంది గేటు లోపలుంటారు.

మూడోది కాంట్రాక్టు కార్మికులు. వాళ్ల యజమాని కాగితం మీద కాంట్రాక్టరు, వాళ్లు మీ సంఘంలో లేకపోతే లైన్ వాళ్లతోనే నడుస్తుంది. పర్మినెంట్ల జీతం మీదే డిమాండ్లు పెట్టి వాళ్లను వదిలేసిన ఫ్యాక్టరీల్లో సమ్మెలు విరిగేది ఇక్కడే. డెట్రాయిట్ వాళ్ల ఒప్పందంలో టెంపరరీలను ముందుకు తెచ్చింది దయతో కాదు, వాళ్లు లేకుండా లైన్ ఆగదని తెలిసి. నోటీసు రాసేముందు కార్మిక చట్టాలు తెలిసిన వకీలుకు ఒకసారి చూపించండి. గేటు దగ్గర ఎవరు ఎలా ప్రవర్తించినా చెయ్యెత్తొద్దని సభ్యులకు ముందే ఒట్టేయించండి. ఒక్క తోపులాట క్రిమినల్ కేసైతే నెలల చర్చ గాలికి పోతుంది.

ప్రశ్న: 2028 మే డే రోజున పెద్ద సమ్మె అంటున్నారు. అన్నేళ్ల ముందే తేదీ ఎందుకు? – ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మూడు కంపెనీల ఒప్పందాలు 2028 ఏప్రిల్ 30న ముగిసేలా సంఘం పట్టుబట్టి రాయించింది. మే ఒకటి 1886లో ఎనిమిది గంటల పనిదినం కోసం షికాగో కేంద్రంగా సాగిన పోరాటం రోజు, ఆ గుర్తు ఉంది. దానికన్నా పెద్ద కారణం చట్టం. 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం వేరే కంపెనీ కార్మికులకు మద్దతుగా తమకు వివాదం లేని చోట ఒత్తిడి తెచ్చే సమ్మెలను నిషేధించింది. పైగా అక్కడి ఒప్పందాల్లో చాలావాటిలో గడువు తీరేదాకా సమ్మె చేయబోమనే షరతు ఉంటుంది. ఆసుపత్రి నర్సులు, బడి పంతుళ్లు, ఆటో కార్మికులు ఒకేరోజు చట్టబద్ధంగా బయటికి రావాలంటే ఒకటే దారి, అందరి ఒప్పందాలూ ఒకే రాత్రి ముగియాలి. అందుకే ఇతర సంఘాలను కూడా తమ ఒప్పందాల ఆఖరు తేదీ ఏప్రిల్ 30కి మార్చుకోమని పిలిచారు. తేదీ మార్చడం బేరంలో ఒక డిమాండే, దానికి యాజమాన్యం ఇంకేదైనా తగ్గించమంటుంది. మూడు, నాలుగేళ్ల ఒప్పందం మధ్యలో ఉన్న సంఘానికి ఆ అవకాశం ఒక్కసారే వస్తుంది, అందుకే ఇంత ముందు పిలుపు.